పాఠకుల ప్రశ్నలు: మారిషస్‌లో ఇల్లు, వంట, గాలివాన

గత సంచికలో ఉగాది విశేషాలు రాస్తూ, మారిషస్ దేశంలో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉన్నదని ఒక్క వాక్యంలో ప్రస్తావించాము. ఆ ఒక్క వాక్యానికి విజయవాడ, గుంటూరు నగరాల నుంచి వచ్చినన్ని ఉత్తరాలు ఈ ఏడాది మరే విషయానికీ రాలేదు. ఒకే ప్రశ్న పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకుని జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: మా మేనల్లుడు కిందటేడు మారిషస్ వెళ్ళి వచ్చాడు. అక్కడ తెలుగువారమని చెప్పుకొన్న ఇద్దరు ముగ్గురిని తెలుగులో పలకరిస్తే నవ్వి ఊరుకున్నారట. భాషే రానివారిని తెలుగువారని ఎలా అంటాము? వారికి ఉగాది సెలవు దేనికి?
— విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీ మేనల్లుడు చెప్పినది నిజమే. అక్కడి తెలుగువారిలో అధికశాతం తెలుగులో సంభాషించలేరు. అయితే అక్కడ ఎవరి తాతల భాష వారి ఇంట్లో నిలిచింది కనుక? ఉత్తర భారతం నుంచి వెళ్ళినవారి భోజ్‌పురి ఒకప్పుడు పల్లెలన్నిటా వినిపించేది. ఇప్పుడు అదీ ముసలివారి నోటనే మిగిలింది. ఆ దేశంలో నూటికి ఎనభైమందికి పైగా ఇంట్లో మాట్లాడేది క్రియోల్. ఫ్రెంచివారి తోటల్లో ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసలకూ యజమానులకూ నడుమ, ఫ్రెంచి పదాలను ఆధారం చేసుకుని పుట్టిన భాష అది. 1835లో బానిసత్వం రద్దయిన తరువాత చెరకు తోటల్లోకి దిగిన మనవాళ్ళు పక్క గుడిసెలోని బీహారీతోనూ, తమిళుడితోనూ, పాత బానిస కుటుంబంతోనూ మాట్లాడవలసి వచ్చినప్పుడు అందరికీ అందుబాటులో ఉన్న భాష అదొక్కటే.

ఆ ప్రయాణం సంగతి కొంత చెప్పాలి. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడలో కలకత్తా నుంచి మొదటి ఒప్పంద కూలీలు మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ రేవులో దిగారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల వరకు అలా వెళ్ళినవారు సుమారు నాలుగున్నర లక్షలమంది. వారిలో తెలుగువారు ప్రధానంగా విశాఖ, గోదావరి ప్రాంతాలవారు. మద్రాసు నుంచీ, విశాఖపట్నం నుంచీ, కాకినాడకు దగ్గరలోని కోరంగి నుంచీ ఓడ ఎక్కారు. 1839 తుపానులో కోరంగి రేవు నేలమట్టమైన నాలుగేళ్ళకే, 1843లో, ఆ రేవు పేరునే పెట్టుకున్న 'కోరింగా పాకెట్' అనే ఓడ కూలీలను మారిషస్‌కు చేర్చింది. ఒప్పందం అయిదేళ్ళు, మగవాడికి నెలకు అయిదు రూపాయలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. 1867 తరువాత ఫోటో అంటించిన పాసు జేబులో లేనిదే తోట దాటి నడవడానికి వీలులేదు. రెండు తరాలపాటు ఇలా బతికినవారి ఇంట్లో పెద్దబాలశిక్ష ఎందుకు లేదని అడగడానికి నాకైతే నోరు రాదు.

భాష జారిపోయినా పాట జారిపోలేదు. అక్కడి తెలుగువారు రామభజనం అనే ఆచారాన్ని పాటిస్తారు. దీపస్తంభాన్ని మధ్యలో నిలిపి, దాని చుట్టూ తిరుగుతూ సాయంత్రం నుంచి తెల్లవారేవరకు తెలుగు కీర్తనలు పాడతారు. ఒక ఊరి మందిరంలో నేను అది చూశాను. నా పక్కన నిలుచున్న పెద్దావిడ ఒక్క తప్పు లేకుండా చరణాలు అందుకుంటుంటే సంతోషం పట్టలేక "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాను. ఆమెకు అర్థం కాలేదు. పక్కనున్న మనవడు ఇంగ్లిషులో సర్దిచెప్పాక, ఆమె నా చేయి పట్టుకుని దీపం దగ్గరకు తీసుకువెళ్ళి నూనె పోయమని సైగ చేసింది. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ కూడా అక్కడ ఇంటింటా తెలుసు. ఈ రెండు పండుగల పేర్లు వింటే చాలు, వారి పూర్వికులు ఏ తీరం నుంచి కదిలారో మీకు చెప్పనక్కరలేదు.

ఇక సెలవు మాటకు వస్తే, అది తెలుగువారికి మాత్రమే ఇచ్చేది కాదు, దేశమంతటికీ సెలవే. శివరాత్రి, తమిళుల తైపూస కావడి, చీనీయుల వసంతోత్సవం, రంజాన్, వినాయక చవితి, దీపావళి, క్రిస్మస్ అన్నీ అంతే. బానిసత్వం రద్దయిన ఫిబ్రవరి 1, కూలీల ఓడ వచ్చిన నవంబరు 2 కూడా సెలవుదినాలే. తెలుగువారి సంఘమైన మారిషస్ ఆంధ్ర మహాసభ 1947 నాటిది. ప్రాథమిక పాఠశాలల్లో తెలుగును ఐచ్ఛికంగా నేర్పుతారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. పిల్లలకు తెలుగు అంకెలు చదవడం రాని వీధులు మన బ్రాడీపేటలోనే ఎన్ని ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు కనుక, తూకం వేసేటప్పుడు రెండు సిబ్బెలూ చూద్దామని మనవి.

ప్రశ్న: మా అబ్బాయికి మారిషస్‌లోని ఒక హోటల్లో ఉద్యోగం వచ్చింది. మేము శాకాహారులము. వాడు అక్కడ ఏమి తిని బతుకుతాడోనని బెంగగా ఉన్నది. ఎండుమిర్చి, కారం, పచ్చళ్ళు ఏమేమి కట్టి పంపాలి?
— గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, బెంగ పెట్టుకోకండి. శాకాహారి ఆకలితో ఉండే దేశం కాదది. పోర్ట్ లూయీ వీధిలో మీ అబ్బాయి మొట్టమొదట చూడబోయే తిండి 'దాల్ పూరి'. పేరులో పూరి ఉన్నది కానీ నూనెలో వేయించరు. ఉడికించిన పప్పును పొడిపొడిగా నూరి, గోధుమపిండి ముద్దలో కూరి, పల్చగా ఒత్తి పెనం మీద కాలుస్తారు. బెల్లం వేయని బొబ్బట్టు అనుకోండి, సరిగ్గా సరిపోతుంది. ఎప్పుడూ జతగానే అమ్ముతారు. లోపల చిక్కుడుగింజల కూర, టమాటాతో చేసే 'రుగాయ్', ఆవపిండి వేసిన కూరగాయల పచ్చడి, పచ్చిమిరప ముద్ద రాసి, కాగితంలో చుట్టి చేతికిస్తారు. కార్యాలయానికి వెళ్ళే గుమాస్తా, రేవు కూలీ, బడిపిల్లవాడు అందరూ నిలబడి తినేది అదే. బీహారు కూలీల వంటింట్లో పుట్టిన ఈ రొట్టెను ఇప్పుడు ఏ మతంవారైనా, ఏ జాతివారైనా తమదేనంటారు.

ఉదయంపూట 'గాతో పిమాఁ' అనే చిన్న గారెలను వేడివేడిగా రొట్టెలో పెట్టుకుని తింటారు. పప్పు నానబెట్టి, బరకగా రుబ్బి, పచ్చిమిర్చి, ఉల్లికాడలు కలిపి వేయించినవి. మన మసాలా వడకు తమ్ముళ్ళు. ఎండవేళ తాగే 'అలూదా'లో పాలు, సబ్జా గింజలు, చైనాగడ్డి ముక్కలు ఉంటాయి. బీసెంట్ రోడ్డులో ఫలూదా తాగినవాడికి కొత్తగా అనిపించదు. టీలో మాత్రం వెనీలా వాసన వస్తుంది. మొదట్లో అది నాకు సబ్బు కలిపినట్టు తోచింది, మూడోరోజుకు అలవాటయింది.

మిమ్మల్ని ఎక్కువ సంతోషపెట్టే సంగతి కూరల సంతలో ఉన్నది. ఆకుకూరలన్నిటినీ వారు 'బ్రెద్' అంటారు, రోజూ అన్నంలోకి ఏదో ఒక ఆకు ఉడికించుకుంటారు. అందులో ఒకటి 'బ్రెద్ మురూమ్', అంటే మన మునగాకే. పేరు తమిళ మురుంగై నుంచి వచ్చింది. కరివేపాకును 'కరిపులే' అంటారు, అదీ తమిళమే. 'రసోఁ' అన్నది చారు. తమిళుల, తెలుగువారి శుభకార్యాలలో అరటాకు వేసి ఏడు కూరలు వడ్డించే భోజనం ఉంటుంది. దానికి ఇతరులు కూడా ఎదురుచూసి వెళతారు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి: వండినవారు శాకాహారమని చెప్పినదానిలో ఒక్కొక్కప్పుడు ఎండురొయ్యలో, ఉప్పుచేపో రుచికోసం పడుతుంది కనుక, అడిగి తినమనండి.

కారం విషయంలో గుంటూరు గర్వం అక్కడ చెల్లదు. వారి సన్న పచ్చిమిరపకాయ చిటికెనవేలిలో సగం ఉంటుంది కానీ దాని ముద్ద 'మజావారూ' ఒక చెంచా వేసుకుని నేను పడిన అవస్థ చూసి, దుకాణదారు మంచినీళ్ళతోపాటు కుర్చీ కూడా వేశాడు. కాబట్టి కారం మూటలు అక్కరలేదు. విత్తనాలు, పచ్చి కాయలు, మొక్కలు అనుమతిపత్రం లేకుండా ఆ దేశంలోకి తీసుకువెళ్ళరాదు; వాటిని పెట్టెలో సర్దకండి. సీసాలో గట్టిగా మూతపెట్టిన ఆవకాయ ఇచ్చి, దానిని విమానాశ్రయంలో దాచకుండా చూపించమని చెప్పండి.

ప్రశ్న: కొత్త పెళ్ళికూతురిని తీసుకువెళ్ళడానికి ఏ సముద్రతీరం మంచిది? ప్యాకేజీ ధర ఎంత?
— గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ధరలు ప్రయాణ ఏజెంట్లు చెప్పాలి. తీరాల సంగతి మాత్రం ఒకటి చెబుతాను. పోటునీరు ఎక్కే గీత వరకు ఇసుక ప్రజలందరిదీ. ఎంత పెద్ద హోటలు ముందైనా సరే, ఆదివారం వంటపాత్రలతో, తాతమ్మలతో, రావాన్ డప్పుతో సహా స్థానిక కుటుంబాలు వచ్చి సరుగుడు చెట్ల నీడన కూర్చుంటాయి. ఆ ఆదివారం చూడని మారిషస్ సగం మారిషస్సే. మీ ఇద్దరికీ ఏకాంతం కావాలంటే మంగళ, బుధవారాలు చూసుకోండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా ఇల్లు నాలుగు రోజులు నీళ్ళలో ఉన్నది. చుట్టూ సముద్రమే ఉన్న చిన్న దేశంలో తుపాను వస్తే మనుషులు ఎక్కడికి పోతారు?
— సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఎక్కడికీ పోరు, ఇంట్లోనే ఉంటారు. ఆ ఇల్లు అలా కట్టుకోవడం వెనుక 1960 ఉన్నది. ఆ ఏడాది జనవరిలో అలిక్స్, ఫిబ్రవరి చివర కారోల్ అనే రెండు తుపానులు దీవిని వరుసగా కొట్టాయి. అప్పటివరకు ఎక్కువమంది పేదల ఇళ్ళు గడ్డి, రేకు, చెక్కలతో కట్టినవి. కారోల్ వాటిని ఊడ్చిపెట్టింది. ఆ తరువాత ప్రభుత్వం కాంక్రీటు ఇళ్ళతో కాలనీలు కట్టింది, జనమూ రూపాయి రూపాయి కూడబెట్టుకుని కాంక్రీటుకే మారారు. ఈనాడు అక్కడి పల్లెల్లో చదునైన డాబాలే కనిపిస్తాయి. డాబాపైన స్తంభాల ఇనుప ఊచలు ఆకాశంలోకి పొడుచుకుని ఉంటాయి, కొడుకు పెళ్ళయ్యాక పై అంతస్తు వేయడానికి. మన దగ్గరా అంతే కదా! ఆ ఊచలను చూసినప్పుడు నాకు అజిత్‌సింగ్‌నగర్ సందులే గుర్తుకు వచ్చాయి.

తుపాను కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, మనకు చలి పడే నెలల్లో వారికి వేసవి. హెచ్చరికలు నాలుగు తరగతులు. ఒకటో తరగతి అంటే సరుకులు తెచ్చుకుని, రేడియో పక్కన పెట్టుకోవడం. రెండుకు బడులు మూసివేస్తారు. మూడు అంటే గంటకు 120 కిలోమీటర్ల ఈదురుగాలి వీయడానికి ముందు కనీసం ఆరు గంటల పగటివెలుతురు మిగిలి ఉండేటట్లు ప్రకటించేది. అప్పటికి బస్సులు ఆగిపోవాలి, అందరూ ఇళ్ళు చేరాలి. నాలుగులో ఎవరూ బయట అడుగుపెట్టరాదు. "క్లాస్ త్రీ వచ్చిందా?" అన్న ప్రశ్న అక్కడ పిల్లలకు పండుగ సెలవు ప్రశ్న లాంటిది. దివిసీమలో 1977 నవంబరు 19న ఇటువంటి అంచెల హెచ్చరిక ప్రతి గుడిసెకూ అంది ఉంటే అన్న ఆలోచన మన జిల్లాలవారికి రాక మానదు.

అయితే గాలికి నిలిచే ఇల్లు నీటికి నిలవదు. అది మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2013 మార్చి 30న తుపాను కూడా కాని ఒక కుండపోత వానకు పోర్ట్ లూయీలో పదకొండుమంది చనిపోయారు. 2024 జనవరిలో బెలాల్ తుపాను వచ్చినప్పుడు రాజధాని వీధుల్లో కార్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి కొట్టుకుపోయాయి. ఆనాటి హెచ్చరిక ఆలస్యమైందని అక్కడి ప్రజలు గట్టిగానే నిలదీశారు. కొండల నుంచి దిగే నీటికి నగరం దారి మూసివేసినప్పుడు బుడమేరు అయినా, పోర్ట్ లూయీ వాగులైనా ఒకే పని చేస్తాయి.

ప్రశ్న: పోటీ పరీక్షకు చదువుతున్నాను. మారిషస్ అధికార భాష, కరెన్సీ, వైశాల్యం చెప్పగలరా?
— విద్యార్థి, కొత్తపేట, గుంటూరు

జవాబు: రోడ్రిగ్స్ మొదలైన దీవులతో కలిపి సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు; విభజన తరువాత చిన్నదైన మీ గుంటూరు జిల్లా కంటే కూడా కొంచెం తక్కువే. జనాభా సుమారు పన్నెండున్నర లక్షలు. స్వాతంత్ర్యం 1968 మార్చి 12, గణతంత్రం 1992లో అదే తేదీ. దండియాత్ర మొదలైన రోజు కావడం వల్ల ఆ తేదీని ఎంచుకున్నారు. శాసనసభ భాష ఇంగ్లిషు అని రాజ్యాంగం చెబుతుంది, దేశానికి అధికార భాష అని మాత్రం దేనినీ పేర్కొనదు. పరీక్షలో ఈ మెలిక అడుగుతారు, జాగ్రత్త. పత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో వస్తాయి. కరెన్సీ మారిషస్ రూపాయి. నోటు మీద ఇంగ్లిషుతోపాటు తమిళం, హిందీ ఉంటాయి. 1998లో ముద్రించిన నోట్లపై తమిళాన్ని హిందీ కిందికి దించారని గొడవ జరిగి, ఆ నోట్లను వెనక్కి తీసుకుని క్రమం సరిదిద్దవలసి వచ్చింది. తెలుగు ఆ నోటు మీద లేదు. దానికోసం మనవాళ్ళు గొడవపడినట్టూ వినలేదు!

ప్రశ్న: అక్కడి చదువులు ప్రశాంతంగా ఉంటాయని విన్నాను. మా పిల్లల ర్యాంకుల పరుగు చూసి విసిగిపోయి అడుగుతున్నాను.
— ఒక తండ్రి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: మీరు తప్పుగా విన్నారు. సెకండరీ విద్య 1977 నుంచి ఉచితం, విద్యార్థులకూ వృద్ధులకూ 2005 నుంచి బస్సు ప్రయాణం ఉచితం, అంతవరకు మంచిదే. కానీ ట్యూషన్ల వ్యామోహంలో ఆ దీవి మన రెండు నగరాలకు ఏమాత్రం తీసిపోదు. బడి విడిచిన పిల్లలు సంచి దించకుండానే ట్యూషన్ మాస్టరు గ్యారేజీలో బెంచీల మీద కూర్చుంటారు. సెకండరీ చదువు చివర రాసే కేంబ్రిడ్జి బోర్డు హెచ్.ఎస్.సి. పరీక్షలో అగ్రస్థానాలు వచ్చినవారిని 'లోరియా' అంటారు. విదేశీ చదువుకు ప్రభుత్వం వారికి ఉపకార వేతనం ఇస్తుంది. పేర్లు ప్రకటించిన రోజున బడిలో వారిని భుజాల మీద ఎత్తుకుని తిప్పుతారు, మర్నాడు పత్రికల నిండా వారి ఫోటోలే. మన కూడళ్ళలో ర్యాంకుల ఫ్లెక్సీలు మీరు చూస్తూనే ఉన్నారు.

ప్రశ్న: మా అత్తగారి పుట్టిల్లు కోరంగి దగ్గర తాళ్ళరేవు. వారి ముత్తాతగారి తమ్ముడు ఓడ ఎక్కి చెరకు తోటలకు పోయాడనీ, మళ్ళీ రాలేదనీ ఇంట్లో చెప్పుకుంటారు. తొంభై ఏళ్ళ మా అత్తగారు, అతడి పిల్లలు ఎక్కడైనా ఉన్నారేమో తెలుసుకోవాలని అడుగుతున్నారు. దారి ఏదైనా ఉన్నదా?
— భవానీపురం, విజయవాడ

జవాబు: ఉన్నది, కానీ ఓపిక కావాలి. మారిషస్‌లోని మోకా పట్టణంలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది, 1970లో ఏర్పడింది. ఒప్పంద కూలీల నమోదు పుస్తకాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. రేవులో దిగిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, జిల్లా, ఓడ పేరు రాశారు. 1860ల తరువాతివారిలో చాలామందికి ఫోటోలు కూడా ఉన్నాయి. అలా దిగినవారు ఎక్కిన మెట్లు పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్‌గా నిలిచి ఉన్నాయి; 2006లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మనవైపు నుంచి వెతికేవారు ఒకచోట పొరపడతారు. ఇంటిపేరుతో వెతకడం మొదలుపెడతారు. ఆ పుస్తకాల్లో మన ఇంటిపేర్లు దాదాపు ఉండవు. గుమాస్తా ఒక్క పేరు అడిగాడు, మనవాడు ఒక్క పేరు చెప్పాడు, అతడు తనకు వినిపించినట్టు ఇంగ్లిషులో రాసుకున్నాడు. తరువాతి తరంలో ఆ తండ్రి పేరే పిల్లలకు ఇంటిపేరు అయింది. అప్పడు, వెంకటసామి వంటివి అక్కడ ఇప్పుడు ఇంటిపేర్లు. కాబట్టి ఇంటిపేరు పక్కనపెట్టి, ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, ఓడ ఎక్కిన కాలం సుమారుగా రాసి పంపితే వెతకడానికి వారికి వీలుంటుంది. తాళ్ళరేవు అన్న మాటను ఆనాటి గుమాస్తా ఎన్ని రకాలుగా రాసి ఉండవచ్చో మీరే ఒక కాగితం మీద రాసి జతచేయండి.

ఎదురు దిక్కు నుంచీ వెతుకులాట సాగుతున్నది. భారత సంతతి మారిషస్ పౌరులకు ఇచ్చే విదేశీ భారత పౌరసత్వ కార్డును 2024లో ఏడవ తరం వరకు పొడిగించారు. అందుకోసం అక్కడి కుటుంబాలు ముత్తాతల కాగితాలు బయటికి తీస్తున్నాయి. మీ ఉత్తరం అక్కడికి చేరేసరికి అవతలివారే తాళ్ళరేవు గురించి అడిగి ఉన్నా నేను ఆశ్చర్యపోను.

ముందుగా అత్తగారిని కూర్చోబెట్టుకుని ఆ ముత్తాతగారి తండ్రి పేరు అడిగి రాసుకోండి. ఆ పేరు ఇంకెవరికీ తెలిసి ఉండదు.